గేటు దగ్గర అల్లుడు

హెక్టర్ మామ బండి మలుపు తిరగకముందే లెస్టర్‌కి తెలిసిపోయింది. ఆ బండికి సైలెన్సర్ ఎప్పుడో ఊడిపోయింది. దుమ్ముకన్నా ముందు మోత వస్తుంది. అతను కాపలా గదిలోంచి బయటికొచ్చి, నారింజరంగు చొక్కా సర్దుకుని, అడ్డుకర్ర పక్కన నిలబడ్డాడు. ఎదురుగా కంచె. కంచె వెనక ఎర్ర ఖనిజం గుట్టలు, వాటి మీదుగా ఆగకుండా పాకుతున్న బెల్టు, బెల్టు చివర ఓడ. గుట్టల పక్కనుంచి పోయే మట్టిదారి మాత్రం ఎప్పటిలాగే మడచెట్ల వైపు దిగి ఉప్పుటేరు ఒడ్డుకు చేరుతుంది.

బండి అడ్డుకర్రకి ముక్కు ఆనించినంత దగ్గరగా వచ్చి ఆగింది. నడుపుతున్నది నోలీన్, హెక్టర్ మామ కూతురు. మామ పక్కసీట్లో ఉన్నాడు. ఒళ్ళో గాలపుతాళ్ళ చుట్ట, కాళ్ళ మధ్య బకెట్టు.

"ఏంటి బావా, ఎండలో కొంగలా నిలబడ్డావు? చేపలన్నీ అటుంటే నువ్విటు చూస్తావేం?" అంది నోలీన్.

లెస్టర్ నవ్వలేదు. మామ వైపున్న కిటికీ దగ్గరికి నడిచాడు.

"మామా, లోపలికి పంపకూడదన్నారు."

"ఎవరు?"

"ఆఫీసువాళ్ళు. వెనక కొత్త గుట్ట పోస్తున్నారు. పెద్ద బండ్లు తిరుగుతున్నాయి. కార్డు లేనివాళ్ళని ఎవర్నీ పంపొద్దని..."

"నేను గుట్ట చూడ్డానికి రాలేదురా. ఏటికి పోతున్నాను. పోటు ఎక్కుతోంది."

"తెలుసు మామా."

"తెలిస్తే ఎత్తు మరి."

లెస్టర్ చెయ్యి మెడలో వేలాడుతున్న కార్డు మీదికి పోయింది. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఈమధ్య అతని చెయ్యి అక్కడికే పోతోంది. ఇంతలో వెనకనుంచి హారన్ వినిపించింది. తెల్లటి బండి, దాని వెనక తోకబండి మీద అల్యూమినియం పడవ, పడవలో ఐసుపెట్టెలు. బండిలో ఇద్దరు. ఓడలకి ఖనిజం ఎక్కించే చోట పనిచేసేవాళ్ళు. సెలవురోజు కాబట్టి టోపీలు, చెడ్డీలు. అందులో ఒకడు కార్డు ఊపాడు. నోలీన్ బండిని పక్కకి తీయాల్సి వచ్చింది. లెస్టర్ బరువు కట్టిన కొసని కిందికి నొక్కి అడ్డుకర్ర ఎత్తాడు.

"ఇవాళ పండుగప్పలు పడతాయంటావా?" అని అడిగాడు ఆ మనిషి, స్నేహంగానే.

"పడొచ్చు," అన్నాడు లెస్టర్.

పడవ ఊగుతూ మట్టిదారిన పోయింది. అడ్డుకర్ర దిగింది. ఎర్రదుమ్ము వచ్చి హెక్టర్ మామ మోచేతి మీద వాలింది. ఆయన దులుపుకోలేదు.

"వాళ్ళు గుట్ట చూడ్డానికేనా బావా?" అంది నోలీన్.

"ఊరుకోవే," అన్నాడు మామ. "వాడి మెడలో తాడు చూశావుగా. అటు లాగితే అటు, ఇటు లాగితే ఇటు. పద పోదాం."

బండి వెనక్కి తిరిగి, మోత మలుపు దాటి పోయేదాకా లెస్టర్ అక్కడే నిలబడ్డాడు. తర్వాత గదిలోకెళ్ళి సీసాడు నీళ్ళు గటగటా తాగేశాడు.

ఇంటికెళ్ళేసరికి మరీటా పరుపు ఎండలో వేసి బాదుతోంది. మొగుణ్ణి చూసి చేతిలో కర్ర పక్కన పెట్టింది.

"అమ్మ వస్తోంది. శనివారం విమానానికి."

"నిజంగానా?"

"ఇక్కడి ఆస్పత్రిలో కుర్చీ దొరికింది. ఇంక డయాలిసిస్ ఇక్కడే. పెర్త్‌లో పడుండక్కర్లేదు." మరీటా ముఖం వెలిగిపోతోంది కానీ గొంతు తగ్గించింది. "రూబెన్ తాత కుర్చీ అది. పోయిన వారం ఖాళీ అయింది కదా."

రూబెన్ తాత అంత్యక్రియలింకా కాలేదు.

"అయితే నేను రేపు రాత్రికే హెక్టర్ మామ ఇంటికి పోతాను," అన్నాడు లెస్టర్. చెప్పాక గుర్తొచ్చింది, ఆ ఇంటి మనిషినే పొద్దున గేటు దగ్గర తిప్పి పంపానని.

వాళ్ళ ఆదివాసీ కట్టుబాటులో అత్తగారు ఉన్న ఇంట్లో అల్లుడు ఉండడు. ఎదురుపడడు, మాట్లాడడు, ఆవిడ నీడ పడినచోట నిలబడడు. ఇది భయమూ కాదు, పగా కాదు. గౌరవం. ఇలా అని ఎవరూ అతనికి కూర్చోబెట్టి చెప్పలేదు. నడక నేర్చినట్టే నేర్చుకున్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మరీటా వాళ్ళమ్మ ముఖం అతనికి తెలియదు. గొంతు తెలుసు. దగ్గు తెలుసు. ఆవిడ వీధిలోకి వస్తే కుక్కలు మొరిగే తీరు కూడా తెలుసు.

"ఇంకోటి," అంది మరీటా, పరుపు మీది దుమ్ము చేత్తో తుడుస్తూ. "ఏటి దగ్గరికి తీసుకెళ్ళమంటోంది. రోజూ ఫోన్లో అదే మాట. పెర్త్‌లో అద్దాల కిటికీ పక్కన కూర్చోబెడితే రోడ్డు మీద కార్లే కనిపించేవిట. ఏట్లో కాళ్ళు పెట్టి కూర్చోవాలిట. వాళ్ళమ్మ ఈవిణ్ణి కన్నది ఆ మడచెట్ల దగ్గరే కదా."

లెస్టర్ బూట్లు విప్పసాగాడు. ముడి పడిపోయింది.

"నువ్వే కదా గేటు దగ్గరుండేది," అంది మరీటా.

"ఇవాళ మామని వెనక్కి పంపాను."

"తెలుసు. నోలీన్ ఫోన్ చేసింది."

"అందరినీ ఆపి మా అత్తగారిని మాత్రం పంపితే ఊళ్ళో నా ముఖం ఎలా చూపించను? పంపితే అక్కడ ఉద్యోగం పోతుంది. పోతే కంపెనీ ఇచ్చిన ఈ ఇల్లు కూడా..."

"నేను పంపమన్నానా? అమ్మ అడిగింది చెప్పాను, అంతే." మరీటా మళ్ళీ కర్ర అందుకుంది. ఆ తర్వాత పరుపుకి పడిన దెబ్బలు ఎవరికి పడుతున్నాయో ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం సాయంత్రం దుప్పటి చంకలో పెట్టుకుని లెస్టర్ హెక్టర్ మామ గడపలో నిలబడ్డాడు. మామ వసారాలో కూర్చుని గాలానికి కొత్త తాడు కడుతున్నాడు. పళ్ళతో ముడి బిగించి, తాడు కొస ఉమ్మేసి, చూపుడువేలితో లోపలి గది చూపించాడు.

"కిటికీ వైపు పడుకో. గాలొస్తుంది."

"మామా, నిన్నటి సంగతి..."

"కూర ఉంది. వేడిగా ఉన్నప్పుడే తిను."

కంగారూ తోక కూర. లెస్టర్ తలొంచుకుని తిన్నాడు. నోలీన్ గోడకి ఆనుకుని నిలబడి అతను తినడమే చూస్తోంది.

"బావా, నీళ్ళు కావాలా? కార్డు చూపించు."

"నోలీన్!" అన్నాడు మామ.

"మరదల్ని కదా నాన్నా, ఆ మాత్రం అనకూడదా? ఉప్పు సరిపోయిందా బావా? ఉప్పుకి కార్డు అక్కర్లేదులే."

లెస్టర్‌కి నవ్వొచ్చింది. నవ్వబోయి పొలమారింది. మామ లేచొచ్చి వీపు మీద రెండు దెబ్బలేశాడు, కొంచెం గట్టిగానే.

శనివారం విమానాశ్రయానికి లెస్టర్ కూడా వెళ్ళక తప్పలేదు. మరీటాకి సామాను మోసే మనిషి కావాలి. అతను కారుని చివరి వరసలో, ముఖం ఎడారి వైపు ఉండేలా ఆపి, అద్దాన్ని పక్కకి తిప్పేసి, టోపీ ముక్కు మీదికి లాక్కుని కూర్చున్నాడు. పెట్టెలు అతని కారులోకి, మనిషి నోలీన్ నడిపే క్లినిక్ వ్యానులోకి. అదీ ఏర్పాటు.

ముందు దగ్గు వినిపించింది. పొడిదగ్గు, వెనక ఈల వేసినట్టు చిన్న మోత. తర్వాత అడుగులు. పెర్త్ పోయినప్పుడు ఆవిడ నడక ఇలా లేదు. ఒక కాలు నేలని ఈడుస్తోంది. రెండడుగులేసి ఆగుతోంది, మళ్ళీ రెండడుగులు. వెంటనే దిగి వెళ్ళి ఎత్తుకుని వ్యానులో కూర్చోబెట్టాలనిపించింది. తల ఇంకా కిందికి దించుకున్నాడు.

"స్మోకీ!" అని పిలిచింది ముసలమ్మ గొంతు. మరీటా తీసుకొచ్చిన కుక్క ఉరుకుతూ ఆవిడ కాళ్ళ దగ్గరికి పోయినట్టుంది. "ఒరే స్మోకీ, నువ్వన్నా బాగా తింటున్నావా? మన పిల్ల మొగుడు చిక్కిపోయాడని ఫోన్లో విన్నాను. ఎండలో నిలబెడుతున్నారటగా. టోపీ సరిగ్గా పెట్టుకోమని చెప్పు."

లెస్టర్ టోపీ సర్దుకున్నాడు.

"ఇంకోటి కూడా చెప్పు స్మోకీ. మా అమ్మ నన్ను కన్నచోట ఎవరో కంచె వేశారట. కంచె వేసినవాళ్ళతో నాకు పనుంది. కాపలావాడితో నాకేం తగువు లేదు. తెలిసిందా?"

కుక్క ఒక్కసారి మొరిగింది. మరీటా నవ్వాపుకోవడం లెస్టర్‌కి వినిపించింది. అతని కళ్ళు చెమర్చాయి. ఎడారి వైపే చూస్తూ తుడుచుకున్నాడు.

సోమవారం డంకన్ గేటు దగ్గరికి వచ్చాడు. కాపలావాళ్ళందరి మీదా అతనే పెద్ద. పొడుగు మనిషి, ఎప్పుడూ ఎండకి కమిలిన ముక్కు. చెడ్డవాడు కాదు. లెస్టర్ తమ్ముడు చనిపోయినప్పుడు అడక్కుండానే సెలవిచ్చాడు. చల్లగాలి పెట్టె కింద నిలబడి చొక్కా గుండీ విప్పుకుంటున్న అతనితో లెస్టర్ విషయం చెప్పాడు. ముసలావిడ, జబ్బు మనిషి, పుట్టిన చోటు, ఒక్క పూట.

"ఒకరిని పంపితే రేపు అందరూ వస్తారు, లెస్టర్."

"వస్తారు బాస్. వాళ్ళ ఏరు కదా."

డంకన్ ముక్కు తడుముకున్నాడు. "పైవాళ్ళని అడుగుతాను. కమిటీ ఉంది, దాని ముందు పెట్టాలి. ఈ సంవత్సరం లోపల..."

"ఆవిడకి అంత టైము ఉందో లేదో బాస్." లెస్టర్ అడ్డుకర్ర వైపు చూశాడు. "నిన్న మూడు పడవలు పోయాయి లోపలికి. చేపలకి."

"వాళ్ళకి కార్డులున్నాయి."

ఆ మాట అన్నాక డంకన్‌కే ఎలాగో అనిపించినట్టుంది. ఓడ వైపు తిరిగి నిలబడ్డాడు. బెల్టు గీపెడుతోంది.

"చూడు, నిన్ను ఇరకాటంలో పెట్టడం నాకిష్టం లేదు. గేటు దగ్గరికి వచ్చినవాళ్ళతో మర్యాదగా మాట్లాడి వెనక్కి పంపడం, అంతే మన పని. మీవాళ్ళు వస్తారనుకుంటే చెప్పు, ఈ వారం ఇంకెవర్నయినా వేస్తాను. నువ్వు రైలుపట్టాల వైపు గేటుకి పో. అక్కడ నీడ కూడా ఉంది."

మంచి మాట. ఎవరైనా ఒప్పుకునే మాట. లెస్టర్ నోరు తెరిచాడు, ఒప్పుకుందామనే.

"వద్దు బాస్. ఇక్కడే ఉంటాను," అన్నాడు.

ఎందుకన్నాడో ఆ క్షణంలో అడిగితే చెప్పలేకపోయేవాడు.

సాయంత్రం లెస్టర్, హెక్టర్ మామ వసారాలోంచి మరీటాకి ఫోన్ చేసి, వీలుకాదన్నారని చెప్పాడు. పళ్ళెంలో చెంచా చప్పుడు వినిపించింది. తర్వాత కొంచెం దూరంగా ముసలమ్మ గొంతు: "స్మోకీ, రేపు గేటు దగ్గర ఎవరుంటారో కనుక్కోరా."

"అమ్మ..." అని మొదలుపెట్టింది మరీటా.

"విన్నాను," అన్నాడు లెస్టర్. హెక్టర్ మామ తాడు ముడి మీదనుంచి తలెత్తి అతన్నే చూస్తున్నాడు. "నేనే ఉంటాను. ఒక్కణ్ణే."

"సరే," అంది మరీటా. ఫోన్ పెట్టేసింది.

మంగళవారం పొద్దున గాలి సముద్రం మీదనుంచి వీస్తోంది. దుమ్ము తక్కువ. దూరంగా ఓడలు వంతుకోసం వరసగా లంగరేసుకుని ఉన్నాయి. నీళ్ళ ట్యాంకరు రోడ్డు తడుపుకుంటూ పోయింది. లెస్టర్ వచ్చినవాళ్ళ కార్డులు చూశాడు, ఊపిరి ఊదించి తాగలేదని చూసుకున్నాడు, అడ్డుకర్ర ఎత్తాడు, దించాడు. ఎండ ఎక్కుతున్నకొద్దీ బండ్లు పలచబడ్డాయి.

క్లినిక్ వ్యాను మెల్లగా వచ్చింది. అడ్డుకర్రకి దూరంగానే ఉండగా లెస్టర్ అలవాటు ప్రకారం చెయ్యెత్తి రోడ్డు మధ్యకి నడిచాడు. నడిపే సీట్లో నోలీన్ ఉంది, వెనక మరీటా. పక్కసీట్లో పువ్వుల గుడ్డ, తలకి కట్టుకున్నది. ఆ గుడ్డ కింద...

అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు.

ఆలోచించలేదు. నిప్పు మీద చెయ్యి పడితే లాక్కున్నట్టు ఒళ్ళే తిరిగింది. అడ్డుకర్ర దాటి, గది దాటి, వెనకనున్న నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళి కంచెకి ఎదురుగా నిలబడ్డాడు. టోపీ దించుకున్నాడు. కంచె తీగలోంచి గుట్టలు కనిపిస్తున్నాయి.

వ్యాను ఆగింది. తలుపు జరిగింది.

"బావా!" అని అరిచింది నోలీన్. "మర్యాదగా అడుగుతున్నాను, లోపలికి పోవచ్చా?"

లెస్టర్ కదల్లేదు. ఇప్పుడు తను చెయ్యాల్సిన పని ఏమిటో అతనికి తెలుసు. గేటు దగ్గరికి పోవాలి, కిటికీ పక్కన నిలబడాలి, ముఖం చూసి, వెనక్కి పొమ్మని చెప్పాలి. ఉద్యోగం అదే. ఆ ఒక్కటే అతను చెయ్యలేడు. రైలుపట్టాల గేటు ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు తెలిసింది. కడుపులో ఉన్నది తలకెక్కడానికి ఒక రోజు పట్టింది.

"కాపలావాడు ఏమీ అనట్లేదు పెద్దమ్మా," అంది నోలీన్, అందరికీ వినపడేలా.

"అనడు. మంచి ఇంట్లో పెరిగినవాడు," అంది ముసలమ్మ.

ఎవరో దిగారు. చెప్పుల్లేని కాళ్ళు, తాపీగా. హెక్టర్ మామ. అడ్డుకర్రకి పగలు కూడా ఇనపచీల వెయ్యాలి. చీల వేసుంటే ఎంత నొక్కినా లేవదు. లెస్టర్ చెయ్యి జేబులోకి పోయింది. చీల జేబులోనే ఉంది. పొద్దున బండ్ల హడావిడిలో మరిచిపోయాడో, వెయ్యలేదో. చల్లటి ఇనుముని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. బరువు కిందికి దిగిన చప్పుడయింది. వ్యాను మెల్లగా, చాలా మెల్లగా, అతని వీపు వెనకనుంచి మట్టిదారిలోకి దిగిపోయింది.

మామ అడ్డుకర్రని మళ్ళీ జాగ్రత్తగా దించి, మేనల్లుడి పక్కకొచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ గుట్టల వైపు చూశారు.

"ఉద్యోగం పోతుందేమో మామా."

"పోవచ్చు." మామ అతని భుజం మీద చెయ్యేశాడు. "ఆవిడ వ్యానెక్కినప్పట్నించీ పాడుతూనే ఉందిరా. అంత సన్నగా, కూనిరాగంలా. నోలీన్ రేడియో కూడా కట్టేసింది." చెయ్యి తీసి, వ్యాను వెనక నడుచుకుంటూ పోయాడు.

నడుముకి తగిలించిన వైర్‌లెస్ గరగరలాడింది. "గేటు, వ్యాను లోపలికి పోయినట్టు కెమెరాలో కనిపించింది. ఎవరిది?"

"క్లినిక్ వ్యాను. మా అత్తగారు లోపలికెళ్ళారు," అన్నాడు లెస్టర్.

"మళ్ళీ చెప్పు?"

డంకన్ ఎంత వేగంగా వచ్చాడంటే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకి జారింది.

"ఆపలేదా?"

"లేదు బాస్."

"ఎందుకని?"

"మా అత్తగారితో నేను మాట్లాడకూడదు. ముఖం కూడా చూడకూడదు. అది మా కట్టుబాటు. ఆవిడ వస్తే నేను తప్పుకోవాలి. తప్పుకున్నాను."

డంకన్ అతన్ని ఎగాదిగా చూశాడు. వేళాకోళం ఆడుతున్నాడేమోనని.

"ఎప్పుడూ మాట్లాడలేదా? పెళ్ళయ్యాక?"

"ఎప్పుడూ."

"మా అత్తగారి విషయంలో నాకూ ఆ సౌకర్యం ఉంటే బాగుండేది," అన్నాడు డంకన్, అప్రయత్నంగా. వెంటనే ముఖం గంభీరంగా పెట్టాడు. "సరే. పోయి వెనక్కి తీసుకురా."

"నేను పోలేను."

"లెస్టర్, ఇది ఆర్డరు."

లెస్టర్ మెడలోంచి కార్డు తీశాడు. తాడు చెవికి చిక్కుకుంది, విడదీసుకున్నాడు. కార్డు డంకన్ ముందు చాచి పట్టుకున్నాడు.

"తీసుకోండి బాస్. నేను పోలేను. మీరు పోయి చెప్పండి ఆవిడకి. మీకు అత్తగారు కాదు కదా."

డంకన్ కార్డు తీసుకోలేదు. కాసేపు దాన్ని, కాసేపు మట్టిదారినీ చూశాడు. బండెక్కి తలుపు ధడాలున వేసుకుని ఏటి వైపు పోయాడు.

ఆ తర్వాత అంతా ఎదురుచూపే. లెస్టర్ కార్డు మళ్ళీ మెడలో వేసుకోలేదు, బల్ల మీద పెట్టాడు. వచ్చిన బండ్లని చూసి పంపాడు. పొద్దుటి కాఫీ చల్లారి తొరక కట్టింది. మరీటాకి ఏం చెప్పాలో, ఇల్లు ఖాళీ చెయ్యమంటే అత్తగారిని ఎక్కడుంచాలో, ఆస్పత్రికి దగ్గర్లో ఎవరింట్లో గది ఉందో మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఏటి వైపునుంచి సన్నటి పొగ లేచింది. మడకట్టె పొగ. నిప్పు రాజేశారంటే ఇంకా అక్కడే ఉన్నారన్నమాట. పొగ చూడగానే ఎందుకో అతని భుజాలు దిగాయి. ఏమైనా కానీ అనిపించింది.

డంకన్ తిరిగొచ్చేసరికి ఎండ వాలింది. బండి దిగిన మనిషి మోకాళ్ళదాకా నల్లటి బురద. బూట్లు చేతిలో ఉన్నాయి. వచ్చి గది మెట్టు మీద కూలబడ్డాడు.

"వెళ్ళిపొమ్మని చెప్పాను. మర్యాదగానే," అన్నాడు.

"ఏమన్నారు?"

"వినిపించుకోలేదు. కాళ్ళు నీళ్ళలో పెట్టాలంది. పాటు తీసేసింది, నీళ్ళు దూరంగా ఉన్నాయి. చక్రాల కుర్చీ బురదలో దిగబడుతోంది. మీ మామ ఒక్కడే మొయ్యలేకపోతున్నాడు. నేనేం చెయ్యను? అటుపక్క పట్టుకున్నాను." బూటులోంచి బురద దులిపాడు. "నీళ్ళు తగలగానే ఏడ్చింది. తర్వాత నన్ను చూసి ఏదో అంది. వాళ్ళందరూ పడి పడి నవ్వారు. ఏమందని అడిగితే మీ ఆవిడ చెప్పింది. ఇంత పొడుగు మనిషికి ఇంత చిన్న పాదాలేమిటి, వీళ్ళమ్మ సరిగ్గా పాలివ్వలేదా అందట."

లెస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వు, పర్లేదు," అన్నాడు డంకన్. అతనే ముందు నవ్వాడు. తర్వాత ఫోను తీసి, బురద కాళ్ళతోనే అటూ ఇటూ తిరుగుతూ పైవాళ్ళతో మాట్లాడాడు. లెస్టర్‌కి ముక్కలు ముక్కలుగా వినిపించింది. అవును, ముసలావిడ. కాదు, గొడవేం లేదు. జబ్బు మనిషి. అక్కడే పుట్టిందట. పోలీసులా? పోలీసులని పిలిచి, చక్రాల కుర్చీలో ఉన్న ముసలావిణ్ణి ఏట్లోంచి లాగించమంటారా? ఆ ఫొటో ఎక్కడెక్కడికి పోతుందో తెలుసా మీకు? సరే, నేను రాసి పెడతాను. మన ఉద్యోగుల పడవలు పోతున్న సంగతి కూడా రాస్తాను. ఆ తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయాడు.

ఫోను జేబులో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"గోల కాకుండా చూసుకోమన్నారు."

"అంటే?"

"ఆపితే గోల. ఆపకపోతే గోల లేదు. పగటిపూట ఏటికి పోయేవాళ్ళని ఆపకు. పెద్ద బండ్లు తిరిగేటప్పుడు మాత్రం కాసేపు ఆగమను. కాగితం మీద పెట్టించే పూచీ నాది." బల్ల మీదున్న కార్డు తీసి లెస్టర్ చేతిలో పెట్టాడు. "నీ మీద ఒక హెచ్చరిక రాయక తప్పదు. కారణం ఏం రాయమంటావు?"

"జరిగింది రాయండి."

"అత్తగారిని చూసి కాపలావాడు పారిపోయాడనా?"

"పారిపోలేదు. తప్పుకున్నాడు."

డంకన్ ఆ మాట ఒకసారి తనలో అనుకుని చూసుకుని, తలూపి, బండెక్కాడు.

సాయంత్రం వ్యాను తిరిగి వెళ్ళేటప్పుడు లెస్టర్ ముందే అడ్డుకర్ర ఎత్తిపెట్టి, తొట్టి దగ్గరికి పోయి నిలబడ్డాడు. నోలీన్ కూడా నోరెత్తలేదు. వ్యాను అతని వెనకనుంచి పోతుండగా కూనిరాగం వినిపించింది. పోయాక పొగ వాసన ఒక్కటే మిగిలింది.

రాత్రి డ్యూటీ మనిషి వచ్చాక అతను ఇంటివైపు పోలేదు. సందెవెలుగులో మట్టిదారిన ఏటికి నడిచాడు. కంచె వేశాక అటు అడుగుపెట్టడం ఇదే మొదలు. రోజూ గేటు దగ్గరే ఉంటూ ఇంత దగ్గర్లో ఉన్నచోటికి ఒక్కసారీ రాలేదు. ఎవరూ వద్దనలేదు, తనకీ కార్డుంది. మామని ఆపినచోట తను ఎలా దాటి పోగలడు?

ఒడ్డున బూడిద ఇంకా వెచ్చగా ఉంది. దాని పక్కన రాయి మీద రేకు కాగితంలో చుట్టి పెట్టిన చేప, పైన ఈగలు వాలకుండా మడాకులు కప్పి ఉన్నాయి. ఎవరికని అడగాల్సిన పని లేదు. విప్పాడు. పండుగప్ప. పొట్ట దగ్గర, కొవ్వున్న ముక్క. చేపని పంచేటప్పుడు ఆ ముక్క పెద్దవాళ్ళు తమకే ఉంచుకుంటారు.

నిలబడే తినబోయి, కింద చూసి ఆగాడు. బురదలో అడుగులున్నాయి. పక్కపక్కనే, లోతుగా దిగిన రెండు జతలు. ఒకటి మామది, వేళ్ళు విడివిడిగా. ఇంకోటి ఇరుకు పాదం, డంకన్‌ది. వాటి మధ్య కుర్చీ చక్రాలు దిగబడిన గుంటలు. ఇంకా ముందుకు, నీళ్ళ అంచుదాకా, కుర్చీ ఆగినచోటునుంచి, ఎవరూ మొయ్యని అడుగులు నాలుగైదు ఉన్నాయి. చిన్న పాదాలు. ఒకటి నిండుగా పడింది. రెండోది ఈడ్చుకుంటూ పోయి బురదలో పొడుగాటి గీత గీసింది. చివర రెండు పాదాలూ దగ్గర దగ్గరగా, గట్టిగా నాటుకుని ఉన్నాయి. చాలాసేపు నిలబడి ఉండాలి అక్కడ.

అతను వాటిని తొక్కకుండా పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, కొంచెం ఎడంగా బురదలోనే చతికిలబడ్డాడు. చేప ముక్క చల్లారలేదు. వేళ్ళతో తుంచుకుని, ముళ్ళు ఏరుకుంటూ, తొందర లేకుండా తిన్నాడు. పోటు మళ్ళీ మొదలైంది. మడవేళ్ళ మధ్యనుంచి నీళ్ళు చప్పుడు లేకుండా పాక్కుంటూ వచ్చి, చివరి రెండు పాదాల గుర్తుల్లోకి ముందు నిండాయి. అందులో ఆకాశం కనిపించింది. అవి కనుమరుగయ్యేదాకా చూసి, లేచి, చేతులు ఏట్లో కడుక్కుని, లెస్టర్ మామ ఇంటిదారి పట్టాడు.